వర్జీనియా స్టేషన్

2010లో అమ్మ, నాన్నగారు మా దగ్గరకి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. అప్పుడు మేం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, డౌన్‌టౌన్‌కి కాస్త దక్షిణంగా ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాన్నగారికి పొద్దున్నే అయిదు గంటలకి లేచి నడవడం అలవాటు. పదిహేడేళ్ళు మిలిటరీలో చేసి హవల్దార్‌గా రిటైరైన మనిషి. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. చుట్టుపక్కల మిలిటరీ మాధవరం అంటేనే తెలుస్తుంది. ఇంటికొకరైనా సైన్యంలో చేరిన ఊరు. సెలవు మీద వచ్చిన జవాన్లు చెరువు గట్టున కూచుని చెప్పుకునే కబుర్లు వింటూ పెరిగాను నేను. మా నాన్నగారు మాత్రం ఆ కబుర్లలో కలిసేవారు కాదు. వింటూ కూచునేవారు, అంతే.

శాన్ హోసేలో ఆయనకి పలకరించే మనిషి లేడు. అందుకని బోర్డులు చదివేవారు. వీధి మొదట్లో ఆగి, పేరు కూడబలుక్కుని, ఇంటికొచ్చి నాకు చెప్పేవారు. రెండు వారాలు గడిచేసరికి ఒకరోజు కాఫీ తాగుతూ, "అమ్మాయీ, ఇక్కడ ఎవరో తన ఇంటివాళ్ళ పేర్లన్నీ వీధులకి పెట్టుకున్నాడే" అన్నారు.

నాలుగేళ్ళుగా ఆ వీధుల్లోంచే కారు నడుపుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. 280 ఫ్రీవేకి అటు రీడ్ స్ట్రీట్. ఇటు వస్తే మార్గరెట్, వర్జీనియా, మార్తా, ఆ తరవాత కీస్. మన దగ్గర స్థలం చదును చేసి ప్లాట్లు వేసినవాళ్ళు కూతుళ్ళ పేర్లు పెట్టినట్టే ఉంది నిజంగా. 87 ఫ్రీవే మధ్యలో ఉన్న లైట్ రైల్ స్టేషన్ పేరూ వర్జీనియానే. అది ఆ రాష్ట్రం పేరనుకుని అన్నేళ్ళూ ఎక్కి దిగాను.

ఆ శనివారం ఆయన్ని డౌన్‌టౌన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ లైబ్రరీకి తీసుకెళ్ళాను. అక్కడ కాలిఫోర్నియా చరిత్రకి విడిగా ఒక గది ఉంది. నాన్నగారి ఇంగ్లీషు మిలిటరీలో నేర్చుకున్నది. వేలు పెట్టి నెమ్మదిగా చదువుతారు. కొంత ఆయన చదివారు, కొంత నేను చదివి తెలుగులో చెప్పాను. నాలుగు శనివారాలు అలా గడిచాయి. ఆయనతో నేను అంతసేపు విడిగా కూచున్న రోజులు నా జీవితంలో అవే.

జేమ్స్ ఫ్రేజియర్ రీడ్ 1800లో ఐర్లండ్‌లోని ఆర్మాలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లితో కలిసి అమెరికాకి వచ్చాడు. పెద్దవాడై ఇల్లినాయ్ వైపు వెళ్ళి సీసపు గనుల్లో పనిచేశాడు. తరవాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డాడు. 1832లో బ్లాక్ హాక్ యుద్ధం వచ్చింది. తమ భూముల కోసం నిలబడ్డ అక్కడి ఆదివాసీల మీద జరిగిన యుద్ధం అది. రీడ్ మామూలు సిపాయిగా చేరాడు. ఆ దళంలోనే ఇంకో కుర్ర సిపాయి ఉన్నాడు, పేరు అబ్రహాం లింకన్. ఈ మాట చదివినప్పుడు నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మళ్ళీ చదువు" అన్నారు. రెండోసారి చదివాను. అదే దళంలో జేమ్స్ క్లైమన్ అనే మూడో మనిషి కూడా ఉన్నాడు. ఆ పేరు నాన్నగారు బాగా గుర్తు పెట్టుకున్నారు. ఎందుకో తరవాత చెప్తాను.

యుద్ధం అయ్యాక రీడ్ వ్యాపారం చేసి బాగా సంపాదించాడు. భర్త పోయిన మార్గరెట్‌ని 1835లో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పుట్టింటి పేరు కీస్. ఆమెకి అప్పటికే వర్జీనియా అనే చిన్న కూతురు ఉంది. రీడ్ ఆ పిల్లని సొంత కూతురులాగే పెంచాడు. తరవాత మార్తా, జేమ్స్, థామస్ పుట్టారు. మార్తాని ఇంట్లో ప్యాటీ అనేవారు. వీధుల పేర్లన్నీ వచ్చేశాయి కదా. మా వీధులు ఇప్పుడు నాకు ఒక కుటుంబం.

1846 ఏప్రిల్‌లో రీడ్ భార్యాపిల్లల్నీ, మంచాన పడ్డ అత్తగారినీ ఎడ్ల బండ్లలో ఎక్కించుకుని కాలిఫోర్నియాకి బయల్దేరాడు. అత్తగారి కోసం, భార్య సుఖం కోసం ఒక బండిని ప్రత్యేకంగా కట్టించాడు. పక్కనుంచి మెట్లు, లోపల పొయ్యి, పడుకోడానికి పైన అరలు. వెంట డోనర్ అన్నదమ్ముల కుటుంబాలు. దారిలో కలిసినవాళ్ళతో మొత్తం 87 మంది అయ్యారు. చరిత్రలో డోనర్ పార్టీ అంటారు వీళ్ళని. అత్తగారు సారా కీస్ నెలన్నర తిరక్కుండానే కాన్సస్‌లో ఒక ఊట పక్కన కన్నుమూసింది. అక్కడే ఒక చెట్టు కింద పూడ్చి ముందుకి కదిలారు.

జూన్ చివర్లో ఫోర్ట్ లారమీ దగ్గర రీడ్‌కి ఎదురైన మనిషి ఎవరనుకుంటున్నారు? పద్నాలుగేళ్ళ కిందట ఒకే దళంలో ఉన్న జేమ్స్ క్లైమన్. కాలిఫోర్నియా నుంచి గుర్రం మీద వెనక్కి వస్తున్నాడు. హేస్టింగ్స్ అనే ఆయన చెప్పిన కొత్త అడ్డదారిలో పడి స్వయంగా వచ్చినవాడు. బండ్లకి ఆ దారి పనికిరాదు, పాత దారినే పొండి అని గట్టిగా చెప్పాడు. రీడ్ వినలేదు. దగ్గరి దారి ఉండగా చుట్టు తిరగడం దేనికి అన్నాడు.

అక్కడ నాన్నగారు పుస్తకం మూసేశారు. "పక్కన నిలబడి తుపాకీ పట్టినవాడు చెప్తే వినాలి. మా ఆఫీసరు చెప్పిన మాట కన్నా నా పక్కనున్నవాడు ముందుకెళ్ళి చూసొచ్చి చెప్పిన మాటే నాకు వేదం. నేను బతికున్నానంటే అలా వినబట్టే" అన్నారు. మిలిటరీ గురించి అన్ని మాటలు ఆయన నోటి నుంచి నేను వినడం అదే మొదలు. రీడ్ మీద ఆయనకి కోపం వచ్చింది. ఆ కోపం చాలా రోజులు పోలేదు.

అడ్డదారిలో ఏమైందో టూకీగా చెప్తాను, తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. కొండల్లో చెట్లు కొట్టుకుంటూ దారి చేసుకోవాల్సి వచ్చింది. ఉప్పు ఎడారిలో నీళ్ళు లేక రీడ్ ఎడ్లు చాలావరకు పోయాయి. అంత ముచ్చటపడి కట్టించిన పెద్ద బండిని చివరికి దారిలోనే వదిలెయ్యాల్సి వచ్చింది. అక్టోబరు 5న ఒక గుట్ట ఎక్కే దగ్గర ఎడ్ల గురించి గొడవ వచ్చింది. స్నైడర్ అనే బండి తోలే కుర్రాడు కొరడా కర్రతో కొట్టాడు, రీడ్ కత్తి తీశాడు. స్నైడర్ చచ్చిపోయాడు. మిగతావాళ్ళు రీడ్‌ని బృందంలోంచి వెళ్ళగొట్టారు. భార్యాపిల్లల్ని వాళ్ళ మధ్యే వదిలి ఒంటరిగా ముందుకి పోవాల్సి వచ్చింది. ఆ రాత్రి పదమూడేళ్ళ వర్జీనియా చీకట్లో వెతుక్కుంటూ వెళ్ళి తండ్రికి తుపాకీ, కొంచెం తిండి ఇచ్చి వచ్చింది.

ఇప్పుడు నాన్నగారి మనసు మార్చిన ఘట్టానికి వస్తున్నాను.

రీడ్ అక్టోబరు చివరికి, ఇప్పటి శాక్రమెంటోలో ఉన్న సట్టర్స్ ఫోర్ట్‌కి చేరాడు. తిండీ గుర్రాలూ తీసుకుని వెంటనే వెనక్కి తిరిగాడు. కొండల్లో మంచు గుర్రాల మెడల దాకా ఉంది. ముందుకి పోలేక వెనక్కి వచ్చాడు. మనుషులు కావాలి. మనుషులు లేరు. అది మెక్సికోతో అమెరికా యుద్ధం చేస్తున్న ఏడాది, ఒళ్ళు గట్టిగా ఉన్న మగవాళ్ళంతా సైన్యంలో ఉన్నారు. సాయం వెతుక్కుంటూ శాన్ హోసే దాకా వచ్చిన రీడ్ ఆ యుద్ధంలోనే లెఫ్టినెంట్‌గా నిలబడాల్సి వచ్చింది. 1847 జనవరి 2న శాంటా క్లారా దగ్గర పోరాటం జరిగింది. మనవాళ్ళు కూరగాయలకీ బియ్యానికీ రోజూ తిరిగే ఎల్ కమినో రోడ్డు చుట్టుపక్కలే ఆ పొలాలన్నీ. అదే రోజున అక్కడికి రెండొందల మైళ్ళ పైన, ఇప్పుడు డోనర్ లేక్ అంటున్న చెరువు పక్కన, ఆయన భార్య నలుగురు పిల్లలతో మంచు కింద కూరుకుపోయిన గుడిసెలో ఎద్దు తోళ్ళు ఉడకబెడుతోంది.

ఆ పేరా చదివాక నేను తలెత్తి చూశాను. నాన్నగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చాలాసేపటికి, "ఇంక ఇవ్వాళ్టికి చాలమ్మా" అన్నారు.

ఇంటికొచ్చాక ఆ కథ అమ్మకి నేను చెప్పాను. అమ్మకి రీడ్ సంగతి పట్టలేదు, మార్గరెట్ గురించే అడిగింది. ఫిబ్రవరిలో మొదటి సహాయ బృందం చెరువు దగ్గరకి చేరింది. మార్గరెట్ నలుగురు పిల్లల్నీ తీసుకుని వాళ్ళతో బయల్దేరింది. కొంతదూరం నడిచేసరికి ఎనిమిదేళ్ళ ప్యాటీ, చిన్నవాడు థామస్ మంచులో అడుగు వెయ్యలేకపోయారు. వాళ్ళని గుడిసెకి తిప్పి పంపాల్సిందే అన్నారు. ఇద్దరితో ముందుకి పోవాలా, ఇద్దరి కోసం వెనక ఆగాలా? చివరికి ఆమె ముందుకి నడిచింది. ప్యాటీ తల్లితో, నన్ను మళ్ళీ చూడకపోతే నీకు చేతనైనంత చెయ్యమ్మా అని చెప్పి తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి వెళ్ళింది. అమ్మ చేతిలో చిక్కుడుకాయలు ఉన్నాయి. వాటిని పళ్ళెంలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడ పోరాటం ఆగాక రీడ్ శాన్ ఫ్రాన్సిస్కోలో చందాలు పోగు చేసి రెండో బృందాన్ని కట్టాడు. ఫిబ్రవరి 27న మంచులో నడిచొస్తున్న మార్గరెట్, వర్జీనియా, చిన్న జేమ్స్ ఎదురయ్యారు. భర్త గొంతు విని మార్గరెట్ మంచులోనే కూలబడిపోయింది. ఆయన వాళ్ళ దగ్గర ఆగలేదు. ఇంకో ఇద్దరు ఉన్నారు కదా. మార్చి 1న చెరువు దగ్గరకి చేరేసరికి ప్యాటీ గుడిసె కప్పు మీద కూచుని ఉంది. కప్పు, మంచు ఒకే ఎత్తున ఉన్నాయి.

వెనక్కి వచ్చే దారిలో తుఫాను పట్టుకుంది. ప్యాటీ ప్రాణం పోతున్నట్టే అయింది. అప్పుడు రీడ్ చేతి తొడుగు బొటనవేలు మూలలో దాచిన రొట్టె పొడి, ఒక చెంచాడు ఉంటుందేమో, తీసి కొంచెం కొంచెంగా ఆ పిల్ల నోట్లో పెట్టాడు. పిల్ల కళ్ళు తెరిచింది. 87 మందిలో సగానికి కాస్త పైన మాత్రమే బతికి బయటపడ్డారు. రీడ్ ఇంట్లో ఆరుగురూ బతికారు.

ఆ ఆగస్టులో లేక్ తాహోకి కారులో వెళ్తూ శాక్రమెంటోలో ఆగాం. సట్టర్స్ ఫోర్ట్‌లో మావాడు ఫిరంగుల దగ్గరకి పరిగెత్తాడు. నాన్నగారు ఒక అద్దాల పెట్టె ముందు నిలబడిపోయారు. అందులో ఒక చెక్క బొమ్మ. నాలుగంగుళాలకి మించదు. నల్లటి జుట్టు రంగు వేసి ఉంది, చిన్న గుడ్డ గౌను. ఎడారిలో బరువు తగ్గించుకోవాలని సామానంతా వదిలేస్తుంటే ప్యాటీ ఎవరికీ తెలియకుండా గౌనులో దాచుకుని తెచ్చుకున్న బొమ్మ. మంచులో ఆ నెలలన్నీ అది ఆ పిల్ల దగ్గరే ఉంది. రక్షించి తెచ్చాక, నిప్పు పక్కన కూచున్నప్పుడు బయటికి తీసిందట. ఎంతసేపున్నారో నాకు తెలీదు. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే, "చెయ్యి అరిగిపోయింది చూడు" అన్నారు. చూశాను. నిజంగానే ఎవరో పట్టుకుని పట్టుకుని నునుపెక్కినట్టుంది.

మర్నాడు ట్రక్కీలో డోనర్ స్మారకం దగ్గరకి వెళ్ళాం. విగ్రహం కింద దిమ్మె 22 అడుగులు. ఆ చలికాలం పడిన మంచు అంత ఎత్తని గుర్తుగా కట్టారు. అక్కడ ఒకప్పుడు ఉన్న గుడిసెకి కూడా ఒక కథ ఉంది. అది వీళ్ళు కట్టుకున్నది కాదు. రెండేళ్ళ ముందు, 1844లో, మర్ఫీలనే ఐరిష్ వాళ్ళున్న బృందం అదే కనుమ దాటింది. బండ్లతో ఆ సియెర్రా కొండలు దాటిన మొదటివాళ్ళు వాళ్ళే. ఆ బృందంలోని ముగ్గురు కుర్రాళ్ళు సామాను కాపలాకి కట్టిన గుడిసెలో బ్రీన్ అనే ఇంకో ఐరిష్ కుటుంబం తలదాచుకుంది. మార్గరెట్ పిల్లలతో చివరికి వాళ్ళ పంచనే చేరింది. రోజూ సాయంత్రం పాట్రిక్ బ్రీన్ ప్రార్థన చదువుతుంటే వర్జీనియా మంట వెలుతురులో వింటూ, బతికి బయటపడితే నేనూ కాథలిక్కునవుతానని మొక్కుకుంది. మొక్కు తీర్చుకుంది. 1850లో పదహారేళ్ళ వయసులో జాన్ మర్ఫీని పెళ్ళి చేసుకుంది. ఆ గుడిసె కట్టిన బృందంలో వచ్చినవాడే ఈ జాన్. సన్నీవేల్‌లో మనవాళ్ళు వారాంతాల్లో భోజనానికి వెళ్ళే మర్ఫీ ఎవెన్యూ పేరు అతని అన్నగారి కుటుంబానిది.

"మర్ఫీయా? రేడియో వాళ్ళా?" అంది అమ్మ వెంటనే. కాదని చెప్పాను, పేరు ఒకటే. అమ్మ మాత్రం ఆ పేరు దగ్గరే ఆగిపోయింది. "నువ్వు పుట్టినప్పుడు తాతయ్య మర్ఫీ రేడియో నా మంచం పక్కనే పెట్టించారు" అంది.

నేను పుట్టింది 1971 డిసెంబరు 9న, అమ్మమ్మగారింట్లో. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలై ఆరు రోజులైంది. నాన్నగారు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ పురిటి మంచం మీద పడుకుని మూడు పూటలా తెలుగు వార్తలు వినేదట. వార్తల్లో మనవాళ్ళు ముందుకి పోతున్నారనే చెప్పేవారు, మనిషి పేరు చెప్పరు కదా. నేను ఏడిస్తే వార్త వినపడదని అమ్మమ్మ నన్ను ఎత్తుకుని పెరట్లోకి పోయేదట. ఇదంతా నాకు ముందే తెలుసు, అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నాన్నగారి వైపు సంగతి మాత్రం ఎప్పుడూ వినలేదు. అమ్మ కూడా వినలేదని ఆ రోజే తెలిసింది.

స్మారకం దగ్గర పైన్ చెట్టు కింద పులిహోర తింటున్నాం. నాన్నగారు విస్తరాకు లాంటి ఆ కాగితం ప్లేటు ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. "తారీఖు నాకు తెలుసు. నెల మొదటి వారమో రెండో వారమో అని నువ్వు రాసిన ఉత్తరం జేబులో ఉంది. రాత్రి కాపలా నిలబడితే లెక్క పెట్టేవాణ్ణి, ఇవ్వాళ అయ్యుంటుంది, ఇవ్వాళ అయ్యుంటుంది అని. కాల్పులు మొదలయ్యాక ఇక ఏమీ తోచదనుకుంటారు. తోస్తుంది. అప్పుడే ఎక్కువ తోస్తుంది. ఇరవయ్యో తారీఖు దాటాక టెలిగ్రాం వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని. ఆ కాగితం చదివి మడిచి ఉత్తరం పక్కనే పెట్టుకున్నా. మార్చిలో గానీ సెలవు దొరకలేదు. నేనొచ్చేసరికి నన్ను చూసి ఏడ్చావు నువ్వు."

అమ్మ ఏమీ అనలేదు. ఆయన ప్లేటులో ఇంకొంచెం పులిహోర వేసింది. కాసేపాగి ఆయనే అన్నారు, "ఆ రీడ్ మాట వినకపోవడం తప్పే. కత్తి దూయడం తప్పే. కానీ ఆ జనవరిలో గుర్రం మీద కూచుని ఏమనుకుని ఉంటాడో నాకు తెలుసు."

తరవాత రీడ్ శాన్ హోసేలోనే స్థిరపడ్డాడు. బంగారం తవ్వకాల్లో బాగా కలిసొచ్చింది. భూములు కొన్నాడు, డోనర్ కుటుంబంలో అనాథలైన పిల్లలకి ఇంట్లో చోటిచ్చాడు, ఆ భూముల్లో వేసిన వీధులకి ఇంటివాళ్ళ పేర్లు పెట్టాడు. మార్గరెట్ 1861లో పోయింది, ఆయన 1874లో. మాంటెరీ రోడ్డు మీద ఓక్ హిల్ శ్మశానంలో ఉన్నారు. నాన్నగారు వెళ్దామన్నారు, వెళ్ళాం. చెప్పులు విప్పి, రెండు నిమిషాలు నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగారు.

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. మేం ఆ అపార్ట్‌మెంట్ వదిలి చాలాకాలమైంది. అటు వెళ్ళినప్పుడు మాత్రం రైలే ఎక్కుతాను.

వాళ్ళు ఇండియాకి బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆయన నన్ను వర్జీనియా స్టేషన్‌కి తీసుకెళ్ళమన్నారు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. బెంచీ మీద కూచున్నాం. రెండు వైపులా ఫ్రీవే మీద కార్ల హోరు. ఒక రైలొచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, లోపలి మైకులో ఆడగొంతు స్టేషన్ పేరు చెప్పింది. తలుపులు మూసుకున్నాయి. పావుగంటకి ఇంకో రైలు. మళ్ళీ అదే గొంతు, అదే పేరు. నాన్నగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నారు.

"చీకట్లో తుపాకీ పట్టుకెళ్ళిన పిల్ల" అన్నారు. "రోజంతా పిలుస్తూనే ఉన్నారమ్మా దాన్ని."

మూడో రైలు కూడా వచ్చి వెళ్ళాక లేచాం.